ఛాయాగ్రహణం నేర్పిన పాత పుస్తకాలను మళ్లీ వెతికి, చదివి, వాడుకోవడం ఎలా

ఫిల్ము మీద సినిమాలు తీసిన రోజుల్లో కెమెరా శాఖలో చేరినవారికి చదువు రెండు చోట్ల దొరికేది. ఒకటి సెట్టు. అక్కడ సీనియర్ల వెనక నిలబడి, ఎక్కువగా అడగకుండా, కళ్లు తెరుచుకుని నేర్చుకోవాలి. రెండోది పుస్తకం. అది అమెరికాలోనో ఇంగ్లండులోనో అచ్చయి, పలువురి చేతులు మారి, చాలాసార్లు జిరాక్సు రూపంలో మన దాకా చేరేది. తెలుగు సినిమా మద్రాసు కేంద్రంగా నడిచిన కాలంలో అక్కడి ఫిల్ము ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకున్నవారికీ, నేరుగా స్టూడియోల్లో సహాయకులుగా కుదిరినవారికీ, పుణె వెళ్లి చదివి వచ్చినవారికీ ఆ కొద్ది పుస్తకాలే ఉమ్మడి ఆస్తి. ఆ తర్వాత పరిశ్రమ హైదరాబాదుకు తరలింది, ఫిల్ము పోయి డిజిటల్ వచ్చింది, ఇళ్లు మారాయి, పుస్తకాలు కొన్ని అటకెక్కాయి, కొన్ని ఎవరి దగ్గరో ఉండిపోయాయి.

ఆ పుస్తకాలను మళ్లీ సంపాదించి చదవాలనుకునే కెమెరామెన్ కోసం, వాటి పేర్లు మాత్రమే విని ఎప్పుడూ చూడని కొత్త తరం వారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. పాత సాంకేతిక గ్రంథాన్ని జ్ఞాపకాల కోసం తిరగేస్తే కాసేపటికే మూసేస్తాం. అందులోని లెక్కలను ఈనాటి కెమెరాతో, ఈనాటి లైట్లతో, మన కరెంటుతో మళ్లీ వేసి చూసినప్పుడే అది మనకు పనికివస్తుంది. కాబట్టి దొరకబుచ్చుకోవడం కంటే చదివే పద్ధతి గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాను.

ఏ పుస్తకమో తేల్చుకోవడం

ఏళ్లు గడిచాక పుస్తకం పేరు గుర్తుండదు, అందులోని ఒక బొమ్మ గుర్తుంటుంది. ముఖం చుట్టూ లైట్ల స్థానాలు చూపే పటం, ఇద్దరు నటుల మధ్య గీసిన ఊహారేఖ, అడుగున వంగి మధ్యలో నిటారుగా లేచి పైన మళ్లీ వాలే నెగెటివ్ వక్రరేఖ, ఇలాంటివి. ఆ బొమ్మనే ఆధారంగా పట్టుకోవాలి. గుర్తున్నదంతా ముందు ఒక కాగితం మీద రాసుకుని, అది పట్టికల పుస్తకమా, ఎక్స్‌పోజర్ (ఫిల్ము మీద పడే వెలుతురు మోతాదు) శాస్త్రమా, లైటింగా, షాట్ల కూర్పా అని విడదీస్తే వెతుకులాట సగం తగ్గుతుంది.

పట్టికల పుస్తకమైతే అది చాలావరకు జేబులో పట్టే అమెరికన్ హ్యాండ్‌బుక్ అయి ఉంటుంది. జాక్సన్ రోజ్ సంకలనం చేసిన హ్యాండ్‌బుక్ 1935లో మొదలైంది. దాని స్థానంలో అమెరికన్ సొసైటీ ఆఫ్ సినిమాటోగ్రాఫర్స్ వారి 'అమెరికన్ సినిమాటోగ్రాఫర్ మాన్యువల్' 1960లో జోసెఫ్ మాసెల్లి సంపాదకత్వంలో వచ్చి, ఆ తర్వాత ముద్రణ వెంట ముద్రణగా పెరుగుతూ పోయింది. ఊహారేఖ, స్క్రీన్ డైరెక్షన్, యాక్షన్‌ను ఒక షాటు చివర, మరో షాటు మొదట రెండుసార్లూ తీసి కలుపుకోవడం వంటివి బొమ్మలతో సహా గుర్తుంటే అది అదే మాసెల్లి 1965లో వెలువరించిన 'ది ఫైవ్ సీస్ ఆఫ్ సినిమాటోగ్రఫీ'. కెమెరా కోణాలు, కంటిన్యూటీ, కటింగ్, క్లోజప్‌లు, కంపోజిషన్ అనే అయిదు భాగాలూ అందులో వరుసగా వస్తాయి. చీకటి వీధులు, తడిసిన రోడ్లు, ముఖం కింద నుంచి వేసిన లైటు గుర్తొస్తే అది జాన్ ఆల్టన్ 1949లో రాసిన 'పెయింటింగ్ విత్ లైట్'. వక్రరేఖలు, జోన్లు అయితే ఆన్సెల్ ఆడమ్స్ పుస్తకాలు. అవి స్టిల్ ఫొటోగ్రఫీ కోసం రాసినవే అయినా, సినిమా కెమెరామెన్ ఎక్స్‌పోజర్ నేర్చుకున్నది ఎక్కువగా వాటి నుంచే. ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి 1940 ప్రాంతంలో రూపొందించిన, నలుపు నుంచి తెలుపు దాకా ఛాయలను మెట్లుగా విడదీసే జోన్ పద్ధతికి అవి మూలం. లండన్ నుంచి వచ్చిన నీటైన, పట్టుగా రాసిన చిన్న పుస్తకం ఏదైనా గుర్తుంటే, 1938లో మొదలైన ఫోకల్ ప్రెస్ జాబితాను ముందు చూడండి.

వెతకడం

1960ల చివరి దాకా అచ్చయిన పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ నంబరు ఉండదు. ఆన్‌లైన్ దుకాణాల్లో ఆ నంబరుతో వెతికితే కొత్త పునర్ముద్రణలే వస్తాయి. పాత ముద్రణ కావాలంటే రచయిత పేరు, ప్రచురణ సంస్థ, సంవత్సరం కలిపి వెతకాలి. గ్రంథాలయాల ఉమ్మడి ఆన్‌లైన్ జాబితా అయిన వరల్డ్‌క్యాట్‌లో ముందు ముద్రణల వివరాలు చూసుకుని, అమ్మకందారును టైటిల్ పేజీ వెనుక వైపు ఫొటో అడగడం మంచి అలవాటు. ముఖచిత్రం ఫొటో చూసి ముద్రణను పోల్చుకోలేము.

ఆల్టన్ పుస్తకాన్ని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రెస్ 1995లోనూ, మాసెల్లి పుస్తకాన్ని సిల్మన్-జేమ్స్ ప్రెస్ 1998లోనూ మళ్లీ అచ్చువేశాయి కాబట్టి చదువుకోవడానికైతే ఆ ప్రతులు కొనుక్కోవచ్చు. అయితే బొమ్మల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. లైటింగ్ పుస్తకంలో ఫొటోయే పాఠం. పునర్ముద్రణలో ఫొటో నుంచి ఫొటో తీసి అచ్చువేసినప్పుడు నీడల్లోని వివరం మాయమవుతుంది, తెలుపు మరింత తెల్లబడుతుంది. జిరాక్సు ప్రతిలో పరిస్థితి ఇంకా ఘోరం. అందులో నాలుగు స్టాపుల (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపో సగమో కావడం) తేడా ఉన్న నీడా, రెండు స్టాపుల తేడా ఉన్న నీడా ఒకే నల్లటి మచ్చగా కనిపిస్తాయి. మనలో చాలామంది క్లాసిక్ హాలీవుడ్ లైటింగ్ అంటే నల్లగా, కరుకుగా ఉండేదని అనుకోవడానికి ఆ జిరాక్సు ప్రతులే కొంత కారణమని నా నమ్మకం. వీలైతే ఒక్కసారైనా మొదటి ముద్రణలోని బొమ్మను లైబ్రరీలో చూడండి, లేదా బొమ్మ తీసుకున్న సినిమానే మంచి ప్రింటులో చూడండి.

పాత పుస్తకాల బజార్లలో వెతికే ఓపిక ఉన్నవారికి హైదరాబాదులో ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్, కోఠి దుకాణాలు, విజయవాడలో లెనిన్ సెంటర్ ఉన్నాయి. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో తగలబడిపోయింది గానీ, ఆ వ్యాపారుల్లో పలువురు సెంట్రల్ స్టేషన్ పరిసరాల్లోనే మళ్లీ దుకాణాలు పెట్టుకున్నారు. ఈ చోట్ల 'సినిమా పుస్తకాలు' అని అడిగితే పాటల పుస్తకాలు, తారల జీవితచరిత్రలు చూపిస్తారు. ఇంజనీరింగు, ఫొటోగ్రఫీ, రేడియో పుస్తకాల గుట్టలు అడిగి తీయించుకోవాలి. మనకు కావలసినవి అక్కడ ఉంటాయి. పుణెలో ఫిల్ము ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయం, 1964లో ఏర్పడిన నేషనల్ ఫిల్ము ఆర్కైవ్ గ్రంథాలయం పరిశోధకులకు పెద్ద దిక్కు. వెళ్లేముందు అనుమతి సంగతి ఉత్తరం రాసి కనుక్కోవాలి.

పత్రికలనూ మరవకూడదు. 1920లో మొదలైన 'అమెరికన్ సినిమాటోగ్రాఫర్' పత్రిక పాత సంచికలు, సినిమా ఇంజనీర్ల సంఘం పాత జర్నళ్లు, మీడియా హిస్టరీ డిజిటల్ లైబ్రరీ పేరుతో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవడానికి దొరుకుతాయి. పుస్తకంలో ఒక వాక్యంలో చెప్పి వదిలేసిన పద్ధతి, అది కొత్తగా వచ్చిన ఏడాది పత్రికలో నాలుగు పేజీల వ్యాసంగా కనిపిస్తుంది. పుస్తకం దొరికేలోపు వీటితో పని మొదలుపెట్టవచ్చు.

చేతిలో పెన్సిలు, పక్కన లైట్ మీటరు

పుస్తకం చేతికొచ్చాక మొదటి పేజీ నుంచి చదవకండి. అది అచ్చయిన సంవత్సరం చూసి, ఆ ఏడాదికి వాడుకలో ఉన్న ఫిల్ము ఏమిటో, దాని వేగం (వెలుతురుకు ఎంత తొందరగా స్పందిస్తుందో చెప్పే అంకె) ఎంతో ముందు ఒక చీటీ మీద రాసి లోపలి అట్టకు తగిలించండి. ఆ పుస్తకంలోని ప్రతి సలహా వెనకా ఆ ఫిల్ము వేగమే ఉంటుంది. ఈ ఒక్క పని చేయకపోతే మిగతా చదువంతా గందరగోళమవుతుంది.

ఉదాహరణకు, 1953లో వచ్చిన ఈస్ట్‌మన్ కలర్ నెగెటివ్ 5248 వేగం టంగ్‌స్టన్ (బల్బు) వెలుతురులో 25. 1968లో వచ్చిన 5254 వేగం 100. 1983లో వచ్చిన 5294 వేగం 400. ఇక్కడ ఒక చిక్కుంది. కొడాక్ పాత నంబర్లనే కొత్త ఫిల్ములకు మళ్లీ వాడింది. 5247 అనే నంబరు 1950లో వేగం 16 ఉన్న డేలైట్ ఫిల్ముది. అదే నంబరు 1970లలో వేగం 100 ఉన్న టంగ్‌స్టన్ ఫిల్ముకు వచ్చింది. 5248 కూడా 1989లో మరో ఫిల్ము మీద కనిపిస్తుంది. అందుకే నంబరు చూసి నిర్ణయానికి రావద్దు, పుస్తకం సంవత్సరంతో జత చేసి చూడండి. స్టిల్ ఫొటోగ్రఫీ పుస్తకమైతే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 1960లో ఫిల్ము వేగాన్ని చెప్పే ఏఎస్‌ఏ ప్రమాణం మారి, నలుపు తెలుపు ఫిల్ముల అంకెలు రెట్టింపయ్యాయి. అంతకుముందు 200గా ఉన్న ట్రై-ఎక్స్ ఆ తర్వాత 400 అయింది, ఫిల్ము మాత్రం అదే.

ఇప్పుడు ఒక పట్టికను తీసుకుని లెక్క వేద్దాం. సెకనుకు 24 ఫ్రేములు, షట్టరు 180 డిగ్రీలు అనుకుంటే, వేగం 100 ఉన్న ఫిల్ముకు లెన్సు రంధ్రం ఎఫ్ 2.8 దగ్గర సుమారు 100 ఫుట్‌కాండిల్స్ (వెలుతురును కొలిచే పాత ప్రమాణం) వెలుతురు కావాలి. పాత కెమెరామెన్ అందరికీ నోటికి వచ్చిన లెక్క ఇది. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతావన్నీ వేళ్ల మీద తేల్చుకోవచ్చు. వేగం 25 అయితే అదే ఎఫ్ 2.8కు 400 ఫుట్‌కాండిల్స్ కావాలి. ఈనాటి కెమెరాను 800 దగ్గర పెడితే 12.5 ఫుట్‌కాండిల్స్, అంటే సుమారు 135 లక్సులు చాలు. 25కూ 800కూ మధ్య తేడా అయిదు స్టాపులు, వెలుతురులో 32 రెట్లు. 1950ల పుస్తకంలోని ప్రతి లైటు పక్కనా ఈ 32ను మనసులో ఉంచుకోవాలి. అందులో పది కిలోవాట్ల లైటు పెట్టమన్న చోట మీరు చిన్న ఎల్‌ఈడీ ప్యానెల్‌తో సరిపెట్టవచ్చు.

అయితే ఇంత మాత్రమే గ్రహిస్తే పుస్తకం పాతబడిందని పక్కన పెట్టేస్తాం. అసలు పాఠం ఇక్కడి నుంచే మొదలవుతుంది. 400 ఫుట్‌కాండిల్స్ కీ లైటు (ముఖం మీద పడే ప్రధానమైన లైటు) ఉన్న సెట్లో, కిటికీలోంచి పడే వెలుతురు, ఇంట్లో వెలిగే బల్బు, ఇవేవీ లెక్కలోకి రావు. నీడలో ఏం కావాలన్నా కెమెరామన్ లైటు పెట్టి తెచ్చుకోవలసిందే. అందుకే ఆ పుస్తకాల్లో నీడను నింపే ఫిల్ లైటు గురించి అన్ని పేజీలు ఉంటాయి. 12 ఫుట్‌కాండిల్స్‌తో పనిచేసే మనకు పరిస్థితి తలకిందులైంది. ఆ కిటికీ వెలుతురే, ఆ బల్బే ఫిల్ లైటు అయిపోతుంది. ఇప్పుడు మన పని ఫిల్ పెట్టడం కాదు, అక్కర్లేని ఫిల్‌ను నల్లగుడ్డతో తీసేయడం. వెలుతురు వైపుకూ నీడ వైపుకూ మధ్య పుస్తకం చెప్పిన 4:1 నిష్పత్తి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. దాన్ని సాధించే దారి మారింది. పాత అధ్యాయాన్ని ఇలా ఎదురుగా పెట్టుకుని చదివిన కెమెరామన్, మానిటర్ చూసి మాత్రమే లైటు చేసేవారి కంటే సెట్లో తొందరగా నిర్ణయానికి రాగలుగుతాడని నేను గట్టిగా నమ్ముతాను.

ఎంత దూరం నుంచి ఎంత దూరం దాకా షార్ప్‌గా ఉంటుందో చెప్పే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ పట్టికలను చూసినప్పుడు అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉండే సర్కిల్ ఆఫ్ కన్‌ఫ్యూజన్ (ఎంత మసకను షార్ప్‌గానే లెక్కించవచ్చో చెప్పే కొలత) విలువను ముందు వెతకండి. పాత పుస్తకాలు 35 మిల్లీమీటర్ల ఫిల్ముకు అంగుళంలో 500వ వంతు తీసుకునేవి, తర్వాతవి 1000వ వంతుకు వచ్చాయి. తేడా ఎంతో 50 మిల్లీమీటర్ల లెన్సుతో, ఎఫ్ 4 దగ్గర చూద్దాం. మొదటి లెక్క ప్రకారం హైపర్‌ఫోకల్ దూరం (అక్కడ ఫోకస్ పెడితే అనంతం దాకా షార్ప్‌గా ఉండే దూరం) సుమారు 40 అడుగులు, రెండో లెక్క ప్రకారం సుమారు 81 అడుగులు. పెద్ద తెర మీద 4కెలో ప్రదర్శించే చిత్రానికి పాత పట్టికను నమ్ముకుంటే, షార్ప్‌గా ఉంటుందనుకున్న వెనక వరుస నటుడు మెత్తబడతాడు. పట్టికను కొట్టేయకండి. పక్కన మీ కెమెరా సెన్సారుకు తగిన విలువతో కొత్త అంకె పెన్సిలుతో రాసుకోండి.

నెగెటివ్ వక్రరేఖ అధ్యాయాన్ని ఇప్పుడు అక్కర్లేదని దాటేసేవారు ఎక్కువ. నా దృష్టిలో పుస్తకమంతటిలో ఇప్పటికీ అత్యంత విలువైన భాగం అదే. హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లో ప్రచురించిన ఆ రేఖలో అడ్డంగా ఎక్స్‌పోజర్ లాగరిథమ్, నిలువుగా డెన్సిటీ (నెగెటివ్ ఎంత నల్లబడిందో చెప్పే కొలత) ఉంటాయి. అడ్డంగా 0.30 కదిలితే ఒక స్టాపు. సినిమా నెగెటివ్ వాలు సుమారు 0.6 కాబట్టి, ఒక స్టాపుకు డెన్సిటీ 0.18 పెరుగుతుంది. 1990లలో కొడాక్ తెచ్చిన సినియన్ డిజిటల్ పద్ధతి ఈ డెన్సిటీనే 0.002 చొప్పున మెట్లుగా కోసి 10 బిట్ల అంకెలుగా మార్చింది. అంటే ఒక స్టాపుకు 90 మెట్లు. ఇప్పుడు మనం వాడే, వెలుతురును లాగరిథమ్ లెక్కలో నమోదు చేసే లాగ్ రికార్డింగులన్నింటి వెనకా ఉన్న ఆలోచన ఇదే. వక్రరేఖ అడుగు వంపు దగ్గర నీడలు ఎందుకు కలిసిపోతాయో పుస్తకంలో చదివినవారికి, లాగ్ చిత్రం చప్పగా ఎందుకు కనిపిస్తుందో, దాన్ని గ్రేడింగులో (తీశాక రంగు, వెలుతురు దిద్దేటప్పుడు) ఎక్కడి నుంచి పైకి లాగకూడదో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ అధ్యాయాన్ని గ్రాఫు కాగితం పెట్టుకుని, మీ కెమెరాతో గ్రే కార్డును (కొలతకు వాడే బూడిద రంగు అట్ట) స్టాపు స్టాపుకూ తీసి, వేవ్‌ఫారంలో (చిత్రంలోని వెలుతురును చూపే గ్రాఫు) చూసిన విలువలతో మీ కెమెరా రేఖ మీరే గీసుకుంటూ చదవండి. ఒక మధ్యాహ్నం పని అది.

మన ముఖాలు, మన కరెంటు

ఈ పుస్తకాలు ఎక్కడివో ఎప్పుడూ మరవకూడదు. ఆడమ్స్ పద్ధతిలో ఎండ పడిన తెల్లజాతి వారి చర్మం ఆరో జోనులో ఉంటుంది, అంటే 18 శాతం గ్రే కార్డు కంటే ఒక స్టాపు ఎక్కువ. మీటరుతో ముఖాన్ని కొలిచి ఒక స్టాపు తెరవమని పాత పుస్తకాలు చెప్పేది అందుకే. మన దగ్గర ఒకే ఫ్రేములో చామనఛాయ, నలుపు, పసిమి అన్నీ ఉంటాయి. గుడ్డిగా ఆ సూత్రం పాటిస్తే నల్లటి ముఖం సహజంగా ఉండవలసిన దానికంటే బూడిద రంగులోకి తేలిపోతుంది. సూత్రం తప్పు కాదు, ఏ చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని రాశారన్నదే సమస్య. మీకు దగ్గరి వారిని, వేర్వేరు ఛాయలున్న ముగ్గురు నలుగురిని ఒకే వెలుతురులో కూర్చోబెట్టి, గ్రే కార్డుకూ వారి చెంపకూ మధ్య తేడా స్పాట్ మీటరుతో కొలిచి, ఆ అంకెలను పుస్తకంలో ఆ పేజీ మీదే రాసుకోండి. తెలుగు కెమెరామన్ దగ్గర ఉండవలసిన అసలైన పట్టిక అదే, అది ఏ పుస్తకంలోనూ అచ్చులో దొరకదు. నలుపు తెలుపుల కాలం నాటి మన ఛాయాగ్రాహకులు అలాంటిదాన్ని అనుభవంతో తలలోనే మోసేవారు.

కరెంటు విషయం ప్రాణాలకు సంబంధించింది కాబట్టి దీన్ని ఖచ్చితంగా పాటించాలి. అమెరికన్ పుస్తకంలోని కేబుల్, ఆంపియర్ పట్టికలు 110, 120 వోల్టుల లెక్కలో ఉంటాయి. పది కిలోవాట్ల లైటు అక్కడ సుమారు 83 ఆంపియర్లు లాగితే, మన 230 వోల్టుల మీద సుమారు 43 ఆంపియర్లు లాగుతుంది. ఆ పట్టికను మన జనరేటరు దగ్గర వాడకూడదు. అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే లెక్క వేయించుకోవాలి. ఫ్రీక్వెన్సీ కూడా వేరు. 60 హెర్ట్జ్ మీద 24 ఫ్రేములకు అమెరికన్ పుస్తకాలు 144 డిగ్రీల షట్టరు సూచిస్తాయి. మన 50 హెర్ట్జ్ కింద 172.8 డిగ్రీలు పెట్టాలి, అప్పుడే సెకనులో 50వ వంతు వస్తుంది. ట్యూబులైట్లు, నాసిరకం ఎల్‌ఈడీలు ఉన్న లొకేషన్లలో ఈ అంకె నేటికీ మనల్ని ఫ్లికర్ (చిత్రంలో వెలుతురు మినుకుమనడం) నుంచి కాపాడుతుంది.

ఆచరించకూడనివి కూడా కొన్ని ఉంటాయి. ఫిల్మును కార్బన్ టెట్రాక్లోరైడుతో తుడవమనే సలహా పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీసే విషం. లైట్ల దగ్గర ఆస్బెస్టాస్ వాడకం, గాలి ఆడని గదిలో కార్బన్ ఆర్క్ లైట్లు, నైట్రేట్ ఫిల్ము నిల్వ, ఇవన్నీ చరిత్రగా చదివి వదిలేయాలి. అటువంటి పేజీల మీద ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టడం మంచిది. రేపు ఆ ప్రతి ఏ కుర్రవాడి చేతికి వెళ్తుందో తెలియదు.

ఒక అధ్యాయాన్ని సినిమాతో కలిపి చదవడం

లైటింగ్ అధ్యాయాన్ని చదివి అర్థం చేసుకోవడం ఒక ఎత్తు, అదే పద్ధతితో తీసిన సినిమాను పక్కన పెట్టుకుని చదవడం ఒక ఎత్తు. ఆల్టన్ క్లోజప్ లైటింగ్‌ను కీ, ఫిల్, బ్యాక్ లైటు, కిక్కరు (వెనక పక్క నుంచి చెంప అంచున పడే లైటు), కంటి లైటు, దుస్తుల లైటు, బ్యాక్‌గ్రౌండ్ లైటు అని విడగొట్టి వివరిస్తాడు. ఆయన తీసిన 'టి-మెన్' 1947 నాటిది. అందులో ఏదైనా క్లోజప్ దగ్గర ఆపి, ఈ లైట్లలో ఏవి ఉన్నాయి, ఏవి కావాలనే వదిలేశాడు అని చూస్తే, పుస్తకంలో అన్నీ నేర్పిన మనిషి సెట్లో ఎంత తక్కువతో పని ముగించాడో తెలుస్తుంది. రచయిత చెప్పిన సూత్రానికీ, ఆయన చేసిన పనికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని గమనించడం నాకు పుస్తకం కంటే ఎక్కువ నేర్పింది.

పగటి వెలుతురులో రాత్రిని తీసే అధ్యాయానికి మన దగ్గరే మంచి తోడు ఉంది. నలుపు తెలుపు ఫిల్ముకు ఆ పుస్తకాలు ర్యాటన్ 23ఏ (ఎరుపు), 56 (ఆకుపచ్చ) ఫిల్టర్లను కలిపి వాడమంటాయి. ఎర్ర ఫిల్టరు ఆకాశాన్ని ముదురు చేస్తుంది, ఆకుపచ్చ ఫిల్టరు పెదవులు, చర్మం పాలిపోకుండా కాపాడుతుంది. ఈ పేజీలు చదివాక మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం చేసిన 1957 నాటి 'మాయాబజార్'లో పడవ మీది వెన్నెల పాటను చూడండి. ఏ ఫిల్టరు వాడారని ఊహించే పని పెట్టుకోకండి. వెన్నెల ఏ వైపు నుంచి వస్తోంది, ముఖం మీద ఎంత, నీళ్ల మీద ఎంత, వెనకున్న చెట్లు ఎంత ముదురుగా ఉన్నాయి, ఒక షాటు నుంచి మరో షాటుకు ఆ నిష్పత్తి నిలబడిందా అని చూడండి. అయితే 2010లో విడుదలైన రంగులద్దిన రూపాన్ని ఈ పనికి వాడకూడదు. రంగు అద్దినప్పుడు బూడిద ఛాయల మధ్య అసలున్న సంబంధం మారిపోతుంది, మనం చదవాలనుకున్నది సరిగ్గా ఆ సంబంధాన్నే.

చూసింది చేతితో చేసి చూడాలి. ఒక మనిషి, ఒక లైటు, ఒక థర్మాకోల్ పలక, ఒక నల్లగుడ్డ ఉంటే ఇంట్లోనే సాధ్యం. ముందు గదిలోని వెలుతురంతా ఆపి, కీ లైటును ముఖం దగ్గర కొలవండి. చేతితో కీని అడ్డుకుని నీడ వైపు కొలవండి. కీ, ఫిల్ కలిసిన వైపుకూ, ఫిల్ మాత్రమే ఉన్న వైపుకూ ఒక స్టాపు తేడా ఉంటే 2:1, రెండయితే 4:1, మూడయితే 8:1. మూడూ తీసి, గ్రేడింగు చేయకుండా వరుసగా పెట్టుకుని, పుస్తకంలో 'సంతోష సన్నివేశం', 'రహస్య సన్నివేశం' అని చెప్పిన నిష్పత్తులతో పోల్చండి. మీ కెమెరాకు, మీ అభిరుచికి ఏది ఎక్కడ కుదురుతుందో రాసుకోండి. మినియేచర్ల లెక్క కూడా ఇలాగే ఇంట్లో సరిచూసుకోవచ్చు. నమూనా 16వ వంతు ఉంటే 24ను 16 వర్గమూలమైన 4తో హెచ్చించి 96 ఫ్రేముల వేగంతో తీయమంటుంది మాన్యువల్. నీళ్లు, పొగ ఉన్న షాటులో అది ఎంత నిజమో ఫోన్ కెమెరా స్లో మోషన్‌తో కూడా తెలిసిపోతుంది.

ప్రతిని కాపాడుకోవడం, ఇవ్వడం

లైటింగ్ పుస్తకాలు ఎక్కువగా మెరిసే ఆర్ట్ పేపరు మీద అచ్చవుతాయి. అది తడిస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి, ఆరాక విడదీస్తే బొమ్మ ఊడి వస్తుంది. కాబట్టి వానాకాలంలో సముద్రతీర పట్టణాల్లో ఉండేవారు వీటిని గోడకు ఆనించకుండా, గాలి ఆడేలా నిలబెట్టి, సిలికా జెల్ పొట్లాలు పెట్టాలి. లెన్సులకు ఫంగస్ పట్టే చోట పుస్తకాలకూ పడుతుంది. తడిసిన పుస్తకాన్ని ఆరకముందే పేజీ పేజీకీ మధ్య నూనె కాగితం వేసి విడదీయాలి. చిరిగిన చోట సెలోటేపు అంటించవద్దు. కొన్నేళ్లకు దాని జిగురు కాగితాన్ని పసుపు పచ్చగా మార్చి తినేస్తుంది.

స్కాన్ చేసుకునేటప్పుడు బొమ్మలున్న పేజీలను 600 డీపీఐలో గ్రేస్కేల్‌గా తీసుకోండి. తక్కువలో తీస్తే అచ్చులోని చుక్కలు స్కానర్ గీతలతో కలిసి అలలు అలలుగా కనిపిస్తాయి. ఇప్పుడు ముద్రణలో ఉన్న పుస్తకాన్ని మొత్తం స్కాన్ చేసి అందరికీ పంచడం రచయిత వారసులకు, ప్రచురణకర్తలకు అన్యాయం. మీ పనికి కావలసిన పట్టికల వరకే ఆగండి.

పాత ప్రతిలో ముందటి యజమాని రాసుకున్న పెన్సిలు గుర్తులను చెరపవద్దు. ఏ పట్టిక అంచులు నలిగాయో, ఏ అంకె చుట్టూ గీత ఉందో చూస్తే ఆ మనిషి ఏ కెమెరాతో, ఏ ఫిల్ముతో పని చేశాడో చాలావరకు చెప్పవచ్చు. మీరు రాసేవాటి కింద మాత్రం తేదీ, కెమెరా పేరు, ఐఎస్ఓ తప్పకుండా వేయండి, ఎందుకంటే మీ 800 లెక్క కూడా రేపటివారికి మనకు 25 ఉన్నంత పాతదిగానే కనిపిస్తుంది. మీ దగ్గర ఒకే పుస్తకం రెండు ప్రతులు పోగైతే, రాతలున్నదాన్ని ఉంచుకుని, శుభ్రమైనదాన్ని ఛాయాగ్రహణం నేర్పే కళాశాల గ్రంథాలయానికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు లోపలి అట్టకు మీరు తగిలించిన ఫిల్ము వేగాల చీటీకి ఒక నకలు, 230 వోల్టుల హెచ్చరిక, చర్మపు ఛాయల అంకెలు రాసిన కాగితం కలిపి ఇస్తే, దాన్ని తీసుకున్న విద్యార్థికి ఆ పుస్తకం మొదటి రోజు నుంచే పనికొస్తుంది.